యుద్ధ ఘోరాల హారర్ సినిమాలు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

గవర్నర్‌పేటలో నేను డీవీడీల షాపు నడిపిన రోజుల్లో హారర్ అర దగ్గర ఎక్కువసేపు నిలబడే కుర్రాళ్ళు కొందరుండేవాళ్ళు. దయ్యాల సినిమాలన్నీ అయిపోయాక వాళ్ళ చూపు యుద్ధాల మీద తీసిన వాటి మీద పడేది. షాపు మూసేసి ఏళ్ళయింది, అడిగేవాళ్ళు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో అడుగుతున్నారు. "అన్నా, 'మెన్ బిహైండ్ ద సన్' చూడకూడని సినిమాల లిస్టులో ఫస్ట్ ఉందంట, చూడొచ్చా?" అని గుంటూరు నుంచి ఒక మెడికో. "అది నిజంగా జరిగిందా, ఊరికే తీశారా?" అని అతనితో చదివే అమ్మాయి. నాకు ఆ అమ్మాయి ప్రశ్న నచ్చింది. అక్కడి నుంచి మొదలుపెడితే ఎంచుకోవడం తేలిక.

ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా అంటే తక్కువ ఖర్చుతో తీసి, రక్తమో, నగ్నత్వమో, చిత్రహింసో పోస్టర్ మీద పెట్టి అమ్ముకునే సరుకు. 1970ల్లో ఉత్తర అమెరికాలో, ఇటలీలో ఈ సరుకుకి నాజీ యూనిఫాం తొడిగారు. 1980ల చివరికొచ్చేసరికి హాంకాంగ్‌లో జపాన్ సైన్యం యూనిఫాం తొడిగారు. షాపువాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇలాంటి డీవీడీ కదిలేది అట్ట బలం మీదే. ముందు కొరడా పట్టుకున్న ఆడ ఆఫీసరు బొమ్మ, వెనక "యథార్థ సంఘటనల ఆధారంగా" అన్న ముక్క ఉంటే లోపల ఏమున్నా అద్దెకి పోయేది. ఆ ముక్క వెనక ఎంత యథార్థం ఉందన్నదే అసలు తేల్చుకోవాల్సింది.

నా పద్ధతి ఇది. మొదటి అరగంటలో మూడు సంగతులు గమనిస్తాను. హింస పడుతున్న మనిషికి ఒక పేరు, ఒక ఊరు ఇచ్చారా, కనీసం నాలుగు మాటలైనా మాట్లాడనిచ్చారా? కత్తి దిగేటప్పుడు కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఆ సీను అయ్యాక సినిమా అక్కడ కాసేపు ఆగిందా, లేక ఐటం అయిపోయిందన్నట్టు తర్వాతి దానికి ఉరికిందా? ఎంత రక్తం పారిందన్నది నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. బీభత్సం మనకు కొత్తేమీ కాదు, నవరసాల్లో ఒకటి. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిని చూసే ఘట్టం చదవండి. నక్కలు, గద్దలు శవాలను పీక్కుతినడం ఏదీ దాచలేదు. అయితే అక్కడ పడి ఉన్నవాడు ఎవరి కొడుకో, ఎవరి మొగుడో మనకు తెలుసు, పక్కన కూర్చుని ఏడ్చే ఆడమనిషి ఉంది. జుగుప్స శోకంలోకి దారితీస్తుంది. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా జుగుప్స దగ్గరే టికెట్ చించి పంపేస్తుంది.

అందరూ ముందు అడిగేది 'మెన్ బిహైండ్ ద సన్' గురించే కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 1988లో హాంకాంగ్ దర్శకుడు టి.ఎఫ్. మౌ తీశాడు. ఆ ఏడాదే అక్కడ కొత్త సర్టిఫికెట్ల పద్ధతి వచ్చింది. పద్ధెనిమిది దాటినవాళ్ళకే అనే కేటగిరీ త్రీ ముద్ర మొదట పడింది దీని మీదేనంటారు. కథ జపాన్ సైన్యపు 731వ దళానిది. అది కల్పన కాదు. చైనాలో హార్బిన్ నగరం దగ్గర పింగ్‌ఫాంగ్ అనే చోట, పైకి నీటి శుద్ధి, అంటువ్యాధుల నివారణ విభాగం అని బోర్డు పెట్టుకుని, లోపల ఖైదీల మీద ప్లేగు, ఆంత్రాక్స్, కలరా క్రిములను ప్రయోగించిన దళం. షిరో ఇషీ అనే ఆర్మీ డాక్టరు దానికి అధిపతి. ఖైదీలను అక్కడి సిబ్బంది 'మరుతా' అనేవాళ్ళు, అంటే దుంగలు. ఆ ప్రాంగణంలో ప్రయోగాలకు బలైనవాళ్ళు తక్కువలో తక్కువ 3000 మంది అన్నది చరిత్రకారులు తరచుగా చెప్పే అంచనా.

ఇక సినిమాలో జనం చెప్పుకునే సీను. ఒక స్త్రీ చేతులు రెండింటినీ మంచు గాలిలోకి చాపించి, వాటి మీద నీళ్ళు పోస్తూ నిలబెడతారు. చేతులు కొయ్యబారిపోతాయి. తర్వాత లోపలికి తీసుకొచ్చి నీళ్ళ తొట్టిలో ముంచి, చుట్టూ శిక్షణలో ఉన్న కుర్రాళ్ళు చూస్తుండగా, డాక్టరు ఆ చేతుల చర్మాన్ని గ్లవ్‌లా లాగేస్తాడు. ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. యోషిముర హిసాతో అనే శాస్త్రవేత్త ఆ దళంలో చలి దెబ్బ మీదే పనిచేశాడు. మరి ఈ సీను నా మూడు ప్రశ్నలకు ఎలా నిలబడుతుంది? ఆ స్త్రీకి ముందు కథ కొంచెం ఉంది, పూర్తిగా అనామకురాలు కాదు. కెమెరా మాత్రం ఆమె మొహం దగ్గర కంటే చేతుల దగ్గరే ఎక్కువ ఉంటుంది. మేకప్ ఎంత బాగా చేశారో చూడండి అన్నట్టు.

అదే సినిమాలో ఇంకో పొర ఉంది, లిస్టులు తయారుచేసేవాళ్ళు దాని జోలికి పోరు. దళంలో చేరిన జపాన్ కుర్రాళ్ళు, ఇంకా మీసాలు రాని పిల్లలు, దుంగ అనే మాటకు ఎలా అలవాటు పడతారో సినిమా ఓపిగ్గా చూపిస్తుంది. వాళ్ళు ఒక మూగ చైనా పిల్లవాడితో స్నేహం చేస్తారు. వాణ్ణి లోపలికి తీసుకురమ్మని పైవాళ్ళు ఆ పిల్లలకే చెబుతారు. వాళ్ళే తీసుకొస్తారు. ఆ తర్వాత జరిగే కోత సీనుకి దర్శకుడు నిజంగా చనిపోయిన ఒక పిల్లవాడి శవపరీక్షను వాడాడు. కుటుంబం అనుమతి ఉందని ఆయన చెప్పుకున్నాడు. అనుమతి ఉన్నా నాకు మింగుడు పడలేదు. కథలో ఆ పిల్లవాడు దుంగ అయిపోయాడని మనం బాధపడుతున్న నిమిషంలోనే బయట ఇంకో పిల్లవాణ్ణి దర్శకుడు సరుకు చేశాడు. ఇది కాక ఎలుకల గదిలో పిల్లిని వేసే సీను ఉంది. పిల్లి చావలేదని దర్శకుడు అన్నాడు, నమ్మినవాళ్ళు తక్కువ. నిప్పంటించిన ఎలుకలు మాత్రం నిజం ఎలుకలే. జంతువులంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఈ సినిమా జోలికి పోకండి, అంతే.

అయినా దీన్ని చెత్తబుట్టలో వేయను. యుద్ధం అయిపోయాక అమెరికా ఆ ప్రయోగాల వివరాలు తన చేతికి తీసుకుని, ఇషీని, అతని మనుషుల్ని విచారణ లేకుండా వదిలేసింది. సోవియట్ వాళ్ళు 1949 డిసెంబర్‌లో ఖబరోవ్‌స్క్‌లో 12 మందిని విచారించారు, పశ్చిమ దేశాలు దాన్ని ప్రచారం అని కొట్టిపారేశాయి. ఇషీ 1959 దాకా బతికి జబ్బు చేసి పోయాడు. అంటే నలభై ఏళ్ళపాటు బయట ప్రపంచంలో చాలామందికి 731 అనే అంకె తెలియదు. ఈ చవకబారు సినిమా చూసి ఆ పేరు మొదటిసారి విన్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, బెజవాడలో కూడా ఉన్నారు. నా సలహా: చరిత్ర ముందు చదివి, పెద్దవాళ్ళయితే, ఒక్కసారి చూడండి. పిల్లవాడి కోత, పిల్లి సీను ముందుకు జరిపేసుకోండి. కథకు నష్టం లేదు.

దీని పేరు మీద 1992లో, 1994లో ఇంకో దర్శకుడు తీసిన రెండు భాగాలున్నాయి. వదిలేయండి. 'ఫిలాసఫీ ఆఫ్ ఎ నైఫ్' అని 2008లో ఒక రష్యా దర్శకుడు నాలుగు గంటలకు పైగా తీశాడు. పాత ఫుటేజి, ఇంటర్వ్యూ, మధ్యలో నలుపు తెలుపులో సాగదీసిన చిత్రహింసలు. డాక్యుమెంటరీ అనే గౌరవం కప్పుకుని వచ్చింది కాబట్టి మొదటి దానికంటే ఇదే నాకు ఎక్కువ చికాకు తెప్పించింది. నాలుగు గంటల్లో హింస పడిన ఒక్క మనిషి పేరు కూడా గుర్తుండదు.

మెడికోలకు విడిగా ఒక మాట. 731 మీద మీ ఆసక్తి డాక్టర్లు ఇలా ఎలా చేశారన్న దగ్గర ఉంటే, సినిమా కంటే నూరెంబర్గ్ డాక్టర్ల కేసు ఎక్కువ పనికొస్తుంది. 1946 డిసెంబర్‌లో మొదలై 1947 ఆగస్టులో ముగిసింది. 23 మంది నిందితులు, ఏడుగురికి ఉరి. మనిషి ఇష్టపూర్వక అంగీకారం లేనిదే అతని మీద ప్రయోగం చేయకూడదన్న నూరెంబర్గ్ నియమావళి ఆ తీర్పులోంచే వచ్చింది. నాజీ డాక్టర్లు బోనెక్కారు, 731 డాక్టర్లలో చాలామంది జపాన్‌లో మళ్ళీ ఉద్యోగాల్లో చేరారు. ఈ తేడా మీద గుంటూరు హాస్టల్ గదిలో ఒక రాత్రంతా మాట్లాడుకోవచ్చు.

నాన్‌కింగ్ దగ్గరికి వస్తే ఎంపిక సులువు, ఎందుకంటే ఒకే ఘటన మీద రెండు రకాలూ ఉన్నాయి. 1937 డిసెంబర్ 13న జపాన్ సైన్యం అప్పటి చైనా రాజధానిలోకి దిగింది. వారాల పాటు హత్యలు, అత్యాచారాలు. యుద్ధ నేరాలను విచారించిన టోక్యో ట్రిబ్యునల్ మృతుల్ని రెండు లక్షలకు పైమాట అంది, చైనా ప్రభుత్వం మూడు లక్షలంటుంది. 1995లో మళ్ళీ మౌగారే 'బ్లాక్ సన్: ద నాన్‌కింగ్ మాసకర్' తీశారు. అప్పటి ఫొటోలను తెరమీద చూపించి, అదే దృశ్యాన్ని నటులతో మళ్ళీ చేయిస్తాడు. ఫొటో ఉంది కాబట్టి నేను అబద్ధం ఆడట్లేదని చెప్పుకునే తెలివి అది. గర్భిణి సీను ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ రాయను. ఫొటో నిజమైనంత మాత్రాన దాన్ని రంగుల్లో మళ్ళీ చేయించి చూపిస్తే ఏం తెలిసింది? నాకు కొత్తగా ఏమీ తెలియలేదు.

2009లో చైనా దర్శకుడు లూ చువాన్ 'సిటీ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' తీశాడు. నలుపు తెలుపు, రెండు గంటల పైచిలుకు. నాన్‌కింగ్ చూడాలనుకునేవాళ్ళు సూటిగా దీనికే వెళ్ళండి. ఇందులో శరణార్థుల శిబిరం సీను ఒకటి ఉంది. సైనికుల దగ్గరికి వంద మంది స్త్రీలను పంపితేనే మిగతావాళ్ళ ప్రాణాలకు హామీ అంటారు. ఎవరు వెళ్తారని అడుగుతారు. గదిలో నిశ్శబ్దం. ఒక చెయ్యి లేస్తుంది. తర్వాత ఇంకోటి. కెమెరా ఆ చేతుల్ని, మొహాల్ని చూస్తూ ఉండిపోతుంది. ఒక్క దెబ్బ లేదు, ఒక్క చుక్క రక్తం లేదు. బ్లాక్ సన్ మొత్తంలో నాకు గుర్తున్న దానికంటే ఈ చేతులు ఎక్కువ గుర్తున్నాయి. ఇంకో సంగతి, ఈ సినిమా కొంత భాగం కదొకావా అనే జపాన్ సైనికుడి కళ్ళతో నడుస్తుంది. శత్రువుకి మనసు ఇచ్చాడని చైనాలో దర్శకుణ్ణి బాగా తిట్టారు. నాకైతే సినిమాకి బలం అక్కడే ఉందనిపించింది. చేసినవాళ్ళు రాక్షసులైతే మనకేం సంబంధం? మామూలు మనిషి అయితేనే భయం.

నాజీ క్యాంపుల వైపు సరుకు ఎక్కువ, నాణ్యత తక్కువ. అన్నిటికీ తల్లి 1975 నాటి 'ఇల్సా: షీ వుల్ఫ్ ఆఫ్ ది ఎస్ఎస్'. బుకెన్‌వాల్డ్ క్యాంపు కమాండెంట్ భార్య ఇల్సె కోఖ్ పేరుని దూరంగా పట్టుకుని అల్లిన కథ. ఒక అమెరికన్ టీవీ కామెడీ కోసం వేసిన ఖైదీల క్యాంపు సెట్ ఖాళీగా ఉంటే అందులోనే తీశారు. కామెడీ సెట్‌లో క్యాంపు! ఇంతకంటే వివరణ అక్కర్లేదు. ఆ తర్వాత ఇటలీలో రెండు మూడేళ్ళు ఇదే వరస. వాటిలో కొన్నిటిని బ్రిటన్‌లో 1980ల్లో వీడియో నిషేధాల గొడవలో కేసులు పెట్టి ఆపేశారు. నిషేధం వల్లే వాటికి లేని ప్రతిష్ఠ వచ్చింది. నిషేధించారంటే ఏదో ఉండే ఉంటుందని మన కుర్రాళ్ళు అనుకుంటారు. ఏమీ లేదు. బోరు. సెక్సునీ చిత్రహింసనీ కలిపి అమ్మడం తప్ప వేరే ఆలోచన లేదు. నిజంగా ఆ క్యాంపుల్లో బతికి బయటపడిన స్త్రీల వైపు నుంచి చూస్తే అది రెండో అవమానం. మొత్తం ఈ గుంపుని పక్కన పెట్టేయమనే నా సలహా, ఇందులో మొహమాటం లేదు.

ఇటలీ దర్శకుడు పసోలినీ తీసిన 'సలో' కూడా 1975దే. జనం దీన్ని కూడా ఆ గుంపులో కలిపేస్తారు, కలపకూడదు. 1944-45లో ముస్సోలినీ చివరి రాజ్యంలో నలుగురు అధికారులు కొందరు యువతీ యువకుల్ని ఒక భవనంలో బంధించి చేసే పనులు కథ. చూడలేనంత జుగుప్స ఉంది, కానీ కవ్వింపు లేదు. కెమెరా దూరంగా, చల్లగా నిలబడుతుంది. అధికారం చేతిలో మనిషి ఒళ్ళు ఏమవుతుందో చెప్పడం ఆయన ఉద్దేశం. సినిమా విడుదల కాకముందే పసోలినీని చంపేశారు. ఇంత చెప్పాక కూడా, మీరు దీన్ని చూడకపోతే పోయేదేమీ లేదు. సినిమా చదువుకునేవాళ్ళకి, లేదా యూరప్ సాహిత్యం తెలిసినవాళ్ళకి. సరదాకి వేసుకునేది కాదు.

క్యాంపుల మీద నేను ధైర్యంగా చేతిలో పెట్టేవి రెండు. 'సన్ ఆఫ్ సాల్', 2015, హంగరీ. ఆష్‌విట్జ్‌లో శవాలను మోసే పనికి బలవంతంగా పెట్టిన యూదు ఖైదీ సాల్. ఫ్రేము చతురస్రానికి దగ్గరగా, ఇరుకు. సాల్ మొహం, మెడ మాత్రమే స్పష్టంగా కనిపిస్తాయి. వెనక జరిగేదంతా మసక. చెవులకు మాత్రం అన్నీ వినిపిస్తాయి: తలుపులు కొట్టడం, కేకలు, రకరకాల భాషల్లో ఆజ్ఞలు. గ్యాస్ గది చూపించకుండా గ్యాస్ గదిలో నిలబెట్టాడు. 1944 అక్టోబర్ 7న ఆ ఖైదీలు నిజంగానే తిరగబడ్డారు, అది కథలో ఉంది. రెండోది 'ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్', 2023. ఆష్‌విట్జ్ కమాండెంట్ హోస్ ఇల్లు క్యాంపు గోడకు ఆనుకుని ఉంటుంది. ఇల్లాలు తోట పెంచుకుంటుంది, పిల్లలు ఆడుకుంటారు. గోడ అవతల జరిగే హింసను ఒక్కసారీ చూపించరు, శబ్దం మాత్రం ఆగదు. సౌండ్‌కి ఆస్కార్ వచ్చింది, ఊరికే రాలేదు. ఈ రెండూ ఫోన్ స్పీకర్‌లో చూస్తే సగం సినిమా పోయినట్టే. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మన ఇళ్ళల్లో పక్కింటి మిక్సీ, వీధిలో కూరగాయల మైకు ఆగే వేళ చూసుకుని.

గౌరవంగా తీసిన సినిమాలన్నీ మంచివే అనుకునేవాళ్ళకి ఒక పాత తగాదా చెబుతాను. 1960లో పొంటెకోర్వో అనే ఇటలీ దర్శకుడు 'కాపో' అని క్యాంపుల మీద తీశాడు. ఒక ఖైదీ కరెంటు కంచె మీద పడి చనిపోతుంది. ఆ నిమిషంలో కెమెరా ముందుకు కదిలి, ఆమె చెయ్యి ఫ్రేములో అందంగా కుదిరేలా నిలబడుతుంది. జాక్ రివెట్ అనే ఫ్రెంచి విమర్శకుడు 1961లో ఆ ఒక్క షాటుకి దర్శకుణ్ణి కడిగిపారేశాడు. చావుని అందంగా సర్దావని కోపం. అతిగా అనిపించొచ్చు కానీ నా రెండో ప్రశ్న పుట్టింది ఆ తగాదా చదివాకే. మన సినిమాల్లో స్లో మోషన్‌లో నెత్తురు ఎగిరి, వెనక కోరస్ మోగే ప్రతి చావు సీనుకీ దీన్ని పెట్టి చూసుకోండి.

ఇక హారర్ ఫ్యాన్స్ కోసం. మీకు నిజంగా ఒళ్ళు జలదరించాలి, గోర్, అంటే రక్తమాంసాల సీన్లు, చాలు చాలు అన్నంత చూసేశారు, కొత్తదనం లేదు అంటున్నారు కదా. 'కమ్ అండ్ సీ' వేసుకోండి. 1985, సోవియట్ దర్శకుడు ఎలెం క్లిమోవ్. 1943లో బెలారస్. తుపాకీ దొరికిందని సంతోషంగా గెరిల్లాల్లో చేరిన ఫ్లోరా అనే కుర్రాడు రెండు గంటల ఇరవై నిమిషాల్లో ముసలివాడైపోతాడు. మేకప్ కొంత, ఆ పిల్లవాడి మొహం కొంత. ఒక బాంబు పడ్డాక చాలాసేపు సినిమాలో శబ్దం మసకబారి చెవిలో గీ మని మోత వస్తుంది, మనకు కూడా. షూటింగ్‌లో కొన్నిచోట్ల అసలు తూటాలే వాడారు. ఆవు సీను ఉంది, అది చాలామందికి కష్టంగా ఉంటుంది, ముందే చెప్పాను. జనాన్ని ఒక కొట్టంలోకి తోసి తగలబెట్టే ఘట్టం చరిత్రలోంచి వచ్చిందే. ఖటిన్ అనే ఊళ్ళో 1943 మార్చి 22న 149 మందిని అలాగే చంపారు, సగం మంది పిల్లలు. బెలారస్‌లో జనంతో సహా తగలబెట్టిన ఊళ్ళు 628 అని సినిమా చివర రాస్తారు. స్క్రిప్టు రాసిన అలెస్ అడమోవిచ్ స్వయంగా కుర్రతనంలో గెరిల్లా, తర్వాత బతికి బయటపడ్డ పల్లెటూరివాళ్ళ మాటలు ఊరూరా తిరిగి సేకరించాడు. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా వాడే ప్రతి పనిముట్టూ ఇందులో ఉంది: శవాల గుట్ట, మంట, పిచ్చెక్కించే శబ్దం. అన్నీ ఆ పిల్లవాడి కళ్ళ ఎత్తున. నా అరలో ఒకటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' గురించి తక్కువ చెబుతాను, అందరికీ తెలుసు కాబట్టి. 1988లోనే, అంటే 'మెన్ బిహైండ్ ద సన్' వచ్చిన ఏడాదే వచ్చిన జపాన్ యానిమేషన్. 1945లో కోబె నగరం మీద అమెరికా బాంబులు, ఆకలితో ఇద్దరు అన్నాచెల్లెళ్ళు. బొమ్మల సినిమా కదా అని చిన్నపిల్లల ముందు వేయకండి. ఈ రెండు సినిమాలనూ ఒకే వారంలో చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది: అదే దేశం ఒక చోట చంపింది, ఇంకో చోట దాని పిల్లలు చచ్చిపోయారు. రెండూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేసేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

కల్పన అక్కర్లేదు, చరిత్ర చాలు అనేవాళ్ళకి నాజీ క్యాంపుల మీద 'నైట్ అండ్ ఫాగ్' అరగంట డాక్యుమెంటరీ, 1956. కాలేజీలో ఒక పీరియడ్‌లో అయిపోతుంది. అదే విషయం మీద 'షోవా' 1985, తొమ్మిది గంటలకు పైగా. అందులో ఒక్క పాత ఫుటేజి లేదు, బతికినవాళ్ళు, చూసినవాళ్ళు, చేసినవాళ్ళు చెప్పిన మాటలే. విడతలుగా చూడాలి.

మన వైపు చూస్తే నాకు ఒక వెలితి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే ఏడాది బర్మా నుంచి అడవుల్లో పడి నడిచి వచ్చిన తెలుగువాళ్ళు దారిలో ఎంతమంది పోయారో లెక్కలేదు. మలయా తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను జపాన్ సైన్యం థాయ్-బర్మా రైలుమార్గం పనికి తోలుకెళ్ళింది, వేలమంది తిరిగి రాలేదు. ఆ రైలుమార్గం మీద ప్రపంచ ప్రసిద్ధి పొందిన సినిమా బ్రిటిష్ ఖైదీల గురించి. మన కూలీల మీద మంచి సినిమా సంగతి అటుంచండి, చెత్త సినిమా కూడా నేను చూడలేదు. కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు ఏటా కార్తీకంలో జరుగుతాయి, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి చావుల్ని పేరుపేరునా తలుచుకుంటారు. పేరు పెట్టి తలుచుకోవడం చేతనైన జనం ఎనభై ఏళ్ళ కిందటి వాటిని వదిలేశారు. హిందీలో 'సర్దార్ ఉధమ్' 2021లో వచ్చింది. జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత రాత్రి ఒక కుర్రాడు బతికున్నవాళ్ళను వెతుకుతూ తోపుడు బండి మీద మోయడం అందులో చాలాసేపు నడుస్తుంది. అది యుద్ధం కాదు గానీ, ఈ జాబితాలో నిలబడగల భారతీయ ఘట్టం అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఎవరితో చూడాలన్నది ఏది చూడాలన్నంత ముఖ్యం. హాల్లో టీవీ మీద అమ్మానాన్నల ముందు పైన చెప్పిన వాటిల్లో 'ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్' ఒక్కటే వేయగలరు, అది కూడా "ఏమీ జరగట్లేదేంట్రా" అంటారు. హాస్టల్లో నలుగురు ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరితే ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా కామెడీ అయిపోతుంది. భయం పోగొట్టుకోవడానికి నవ్వుతారు, అది మామూలే. కానీ ఆ నవ్వు ఒక నిజమైన మనిషి చావు మీద అని తర్వాత గుర్తొస్తే బాగోదు. 'సిటీ ఆఫ్ లైఫ్ అండ్ డెత్', 'కమ్ అండ్ సీ' ఒక్కరే చూడొచ్చు, ఇద్దరైతే మేలు. గదిలో ఎవరైనా అత్యాచారం బాధితులు ఉండొచ్చన్న ఆలోచనతో, నాన్‌కింగ్ సినిమాలు వేసేముందు అందులో ఏముందో నోరు తెరిచి చెప్పండి. స్పాయిలర్ అని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి.

ఓటీటీల్లో వయసు గుర్తు చూడటం అలవాటు చేసుకోండి. 'ఎ' అని ఉంటే పెద్దలకు మాత్రమే, 'యూఏ'లో 7, 13, 16 అని అంకెలు వేస్తున్నారు. అయితే ఆ గుర్తు హింస ఎంతుందో చెబుతుంది గానీ ఎలాంటి హింసో చెప్పదు, కింద రాసే చిన్న వివరణ కూడా చదవాలి. పాత సినిమాల విషయంలో ఒకే పేరుకి కత్తిరించినవి, కత్తిరించనివి రెండు మూడు నిడివులు తిరుగుతుంటాయి. 'మెన్ బిహైండ్ ద సన్' గంటా నలభై ఐదు నిమిషాల దగ్గర ఉంటే పూర్తిది. ఇంగ్లీషు డబ్బింగ్ ప్రింటు దొరికితే వద్దు, మాటలు కార్టూన్‌లా ఉంటాయి. మూలభాష పెట్టి సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇంగ్లీషు వేగంగా చదవలేనివాళ్ళు 'కమ్ అండ్ సీ'తో మొదలుపెట్టండి, అందులో మాటలు తక్కువ. గుంటూరు మెడికోకి నేను పంపింది కూడా అదే. తర్వాత 731 సినిమా, దానికి ముందు ఖబరోవ్‌స్క్, నూరెంబర్గ్ కేసుల గురించి రెండు పేజీలు చదవమన్నాను. ఇల్సా గురించి మళ్ళీ అడిగాడు. వద్దన్నాను.